ముప్పేట

గుంటూరులో ఒంగోలు వైపు పోయే బస్సెక్కి, చిల్లర చేతిలో పెట్టి "పేట" అంటే చాలు. కండక్టరు మరో మాట అడగకుండా చిలకలూరిపేట టిక్కెట్టు ఇస్తాడు. అదే మాట నరసరావుపేట బస్సులో అంటే ఇంకో ఊరు. రెండు ఊళ్ల వాళ్లూ తమదే అసలు పేట అనుకుంటారు. ఆ తగువులో నేను తలదూర్చను.

నిరుడు ఆ బస్సు దిగేటప్పుడే నా కాలు మెలితిరిగింది. మోకాలికి లోపలి పక్కన లిగమెంటు కొంత చిరిగిందనీ, కోత అక్కర్లేదనీ, ఆరు వారాలు పట్టీ వేసుకోమనీ డాక్టరు చెప్పాడు. కబురు విని మర్నాడే పిన్ని వచ్చింది.

"ఏం తెగిందంటరా?"

"లిగమెంటు, పిన్నీ."

"అంటే ఏంది? నరమా?"

"నరం కాదు."

"కండా?"

"కండా కాదు. ఎముకనీ ఎముకనీ కలిపి పట్టుకునేది. పోగుల కట్ట లాంటిదనుకో."

"పోగా! అట్టా చెప్పు మరి. పోగయితే అతుక్కుద్దిలే."

పిన్నిది వట్టి ఓదార్పు కాదు, పనివాడి మాట. గణపవరం వైపు ఒక నూలు మిల్లులో రింగ్ ఫ్రేము దగ్గర పన్నెండేళ్లు నిలబడిన మనిషి ఆవిడ. గిర్రున తిరిగే బాబిన్‌ని చేత్తో ఆపి, తెగిన కొస వెతికి పట్టుకుని, ట్రావెలర్ అనే చిన్న ఉక్కు కొక్కెంలో దూర్చి, పైనుంచి రోలర్ల మధ్యగా దిగి వచ్చే పింజకు తాకిస్తుంది. ముడి వేయదు. తిరిగే పురే రెండిటినీ ఒకటి చేస్తుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేంతలో అయిపోవాలి, ఎందుకంటే ఈలోగా పక్క కదురు మీద ఇంకో పోగు తెగి ఉంటుంది. ఇప్పటికీ ఇంట్లో చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నా ఆమె బొటనవేలూ చూపుడువేలూ దేన్నో పురి పెడుతున్నట్టే కదులుతుంటాయి.

ఆ పూట మంచం మీద పడుకుని, నేను ఇంటర్మీడియట్‌లో బట్టీ కొట్టిన వాక్యం గుర్తు చేసుకున్నాను. సంయోజక కణజాలంలో తంతువులు మూడు రకాలు: కొల్లాజెన్ తంతువులు, స్థితిస్థాపక తంతువులు, జాలక తంతువులు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడ్డాక కాలేజీ చదువులు తెలుగులోకి వచ్చిన పుణ్యాన మాకా పదాలు దక్కాయి. ఆ పనిని తక్కువ చేయను. కానీ మేం ఆ పాఠం చదువుతున్నప్పుడు కిటికీ బయట పత్తి బోరేలు ఎత్తుకున్న లారీలు జిన్నింగు మిల్లులకు వరస కట్టి ఉండేవి. రోడ్డు పక్క తుమ్మచెట్ల ముళ్లకు దూది పట్టుకుని వేలాడేది. తంతువంటే ఆ ముళ్లకు వేలాడేదే అని మాకెవరికీ తోచలేదు. పాఠం చెప్పేవారికీ తోచలేదనుకుంటాను.

తంతువు మంచి మాటే. సాగదీయడం అనే అర్థమున్న 'తన్' ధాతువు నుంచి వచ్చింది. తంత్రమూ అక్కడిదే, ముందు మగ్గం మీద సాగదీసిన పడుగు, తర్వాత పద్ధతి, ఇంకా తర్వాత మంత్రతంత్రాలు. వీణకు తంత్రి, తపాలాకు తంతి. టెలిగ్రాములు 2013 జూలైతో ఆగిపోయాయి గానీ, 'తంతి వచ్చింది' అన్న మాట వినగానే ఆడవాళ్లు ఏడుపు అందుకున్న ఇళ్లు నా చిన్నప్పుడు చాలానే ఉండేవి. తెలుగువాడి నోట్లో మాత్రం తంతు అంటే పెళ్లి తంతు, దినాల తంతు. ఇంత తిరిగొచ్చిన మాటను జీవశాస్త్రం పుస్తకంలో పెడితే, పిల్లవాడికి దారం కనపడదు.

పోగు అలా కాదు. చేతికి తగులుతుంది. పాతకాలం వాళ్లు 'ప్రోగు' అని రాశారు. ప్రొద్దు పొద్దయినట్టు, క్రొత్త కొత్తయినట్టు ఇదీ రవత్తు వదిలేసింది. ఒక్క దారం పోగు. ధాన్యం కుప్ప పోసినా పోగే. చెవికి పెట్టుకున్నదీ పోగే. ఒంటరి దారానికీ రాశికీ ఒకే మాట ఎలా అన్నది నన్ను ఎప్పటినుంచో తొలుస్తున్న సంగతి. ఒకే రూపంలో రెండు వేరు మాటలు కలిసిపోయి ఉండొచ్చనే నిఘంటువుల పద్ధతి. నాకు మాత్రం మిల్లు చూశాక ఆ రెండూ అంత దూరం అనిపించవు. నూలుపోగు విప్పి చూస్తే లోపల ఉండేది ఇంకా సన్నని పింజల పోగే కదా. విదియనాడు నెలవంక కనపడగానే మా నాయనమ్మ కొంగు నుంచి ఒక్క దారం లాగి పైకి చూపించి దణ్ణం పెట్టేది. చంద్రుడికో నూలుపోగు. ఆ ఒక్కటీ కంటికి ఆనదు. ఊదితే పోతుంది. అలాంటివి కుప్పబడి పురి తిరిగితే ఎద్దును కట్టేసే పగ్గం.

పిన్ని అడిగిన 'నరమా?' దగ్గరికి వస్తాను. పరీక్షలో అయితే సున్నా మార్కుల ప్రశ్న అది. మాటల చరిత్రలో మాత్రం ఆవిడ పక్షాన పెద్ద గుంపే ఉంది. తెలుగులో నరం రక్తం పారే సిరకూ చెల్లుతుంది, మెదడు కబురు మోసే నాడికీ చెల్లుతుంది, మడమ వెనక తగిలే గట్టి తాడుకూ చెల్లుతుంది. తమిళంలో నరంబు ఇవన్నీ మోస్తూనే యాళ్ వాద్యానికి కట్టే తీగ కూడా అయింది. గ్రీకువాళ్ల న్యూరాన్ మొదట్లో స్నాయువే, వింటికి కట్టే నారే. తర్వాత తర్వాత వైద్యులు దాన్ని నాడికి కట్టబెట్టారు. సంస్కృతంలో స్నాయువు ఆ న్యూరాన్‌కు రక్తసంబంధి. రెండిటి మూలంలోనూ వడకడం, కుట్టడం అనే అర్థమే ఉంది. ఆ స్నాయువు బెంగాలీలోకి వెళ్లి అచ్చంగా గ్రీకు మాట నడిచిన దారినే నడిచి, నాడి అయి కూర్చుంది. మన పాఠ్యపుస్తకంలో ఎటూ తేల్చుకోలేక కండరాన్ని ఎముకకు కట్టేదాన్ని స్నాయుబంధనం అన్నారు, ఎముకను ఎముకకు కట్టేదాన్ని సంధిబంధనం అన్నారు. నాకు తెగింది రెండోది.

సుశ్రుతుడు శారీరస్థానంలో స్నాయువులు 900 అని లెక్క చెప్పాడు. చేతులూ కాళ్లలో 600, మొండెంలో 230, మెడా ఆపైన 70. లెక్క మాటెలా ఉన్నా, అక్కడే ఆయన చెప్పిన పోలిక నాకు ఎక్కువ నచ్చింది: పలకలు పేర్చి తాళ్లతో బిగించిన పడవ నీళ్ల మీద బరువు మోసినట్టే, స్నాయువులతో కట్టిన కీళ్లు మనిషి బరువు మోస్తాయి. మేకులు కొట్టిన పడవ కాదు, తాళ్లతో కుట్టిన పడవ. అల తగిలినప్పుడు కొంచెం కదలడానికి వీలుండే కట్టు అది.

ఇక 'సంయోజక'. ఇందులో ఉన్నది యుజ్. ఎద్దుల మెడ మీద కాడి పెట్టడం. లాటిన్ యుగుమ్, ఇంగ్లిష్ యోక్ ఈ ఇంటివే. అంటే సంయోజక కణజాలం అన్న నోరు తిరగని పేరులో ఒక జత ఎద్దులు దాగి ఉన్నాయి. పల్నాడులో బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ ఎద్దుకే మెడలోపల ఇంకో కట్టు ఉంటుంది, మూపురం దగ్గర నుంచి పుర్రె దాకా పసుపుపచ్చని మందపాటి పట్టీ. అంత బరువు తలను ఎద్దు పొద్దస్తమానం మోయగలుగుతున్నదంటే సగం భారం ఆ పట్టీ మీదిదే. మేత కోసం తల దించితే సాగుతుంది, వదిలితే తలను తానే పైకి తెస్తుంది. పాఠంలోని స్థితిస్థాపక తంతువు ఇదే. మన బట్టల కొట్లలో గజాల లెక్కన అమ్మే ఎలాస్టిక్కు. ఎలాస్టిన్ అనే ప్రోటీను. ఎంత ఉడకబెట్టినా మెత్తబడదు. మన ఊపిరితిత్తుల్లో, గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని గోడల్లో ఉండేదీ ఇదే. చిన్న వయసులో ఒంట్లో తయారైనదే దాదాపు చివరిదాకా వాడుకోవాలి. మా తాత చెవి తమ్మెలు ముసలితనంలో బంగారు పోగుల బరువుకు సాగి, పోగులు తీసేసినా వెనక్కి రాలేదంటే ఆ సరుకు అయిపోయిందన్నమాట. పోగు బరువుకు పోగు ఓడిపోయింది.

కణజాలం అన్న మాటతో నాకు చిన్న పేచీ ఉంది. యూరపులో 1800 ప్రాంతంలో బిషా అనే ఫ్రెంచి వైద్యుడు సూక్ష్మదర్శిని ముట్టుకోకుండానే, కోసి, ఉడికించి, ఎండబెట్టి చూసి శరీరంలో 21 రకాల 'తిస్సూ'లు ఉన్నాయన్నాడు. తిస్సూ అంటే నేసినది, గుడ్డ. ఆ శాస్త్రానికి పెట్టిన హిస్టాలజీ అన్న పేరులో గ్రీకు మగ్గం ఉంది. అంటే వాళ్లు నేతను చూశారు. మనవాళ్లు దాన్ని తెలుగు చేస్తూ మగ్గం పక్కన పెట్టి వల తెచ్చారు, అదీ కణాల వల. మిగతా చోట్ల సరిపోతుందేమో గానీ, ఈ సంయోజకం దగ్గర పేరు తిరగబడింది. ఇక్కడ కణాలు అక్కడొకటి ఇక్కడొకటి. కనుచూపు మేరా ఉన్నవి పోగులే, వాటి మధ్య జిగురే. కణం పనల్లా ఆ పోగు వడికి బయటికి వదలడం. ఊరంతా మిల్లులైతే ఊరికి మేస్త్రీల పేరు పెట్టినట్టుంది.

అసలు పేచీ కొల్లాజెన్ దగ్గర. కొల్లా అంటే గ్రీకులో జిగురు. ఎముకలూ తోళ్లూ ఉడికిస్తే జిగురొస్తుంది కాబట్టి జిగురును పుట్టించేది అని పేరు. జిగురు సంగతి మనకూ కొత్త కాదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపం కింద చెప్పిన పాకాల్లో ఒకదానికి ఆవు, గేదె, మేక కొమ్ములూ తోళ్లూ వాడమన్నాడు. అంతదూరం ఎందుకు, రాత్రి మిగిలిన పాయా గిన్నె పొద్దున్నే మూత తీసి చూడండి. గరిటె నిలబడుతుంది. కాళ్లలోని పోగులు పురి విడిపోయి, చల్లబడ్డాక ఒకదానికొకటి చిక్కుపడి నీటిని పట్టేసుకున్నాయి. కాబట్టి జిగురు అన్నది ఆ పదార్థం చచ్చి, ఉడికి, పురి విడిచాక తేలే గుణం. బతికున్నప్పుడు అది తాడు. తాడుగా ఉన్నప్పటి దాని పేరు తెలుగులో ఉంది. ముప్పేట.

పేట అంటే ఊరు. అంగడి చుట్టూ పెరిగిన ఊరు. జగ్గయ్యపేట, నాయుడుపేట, సూళ్లూరుపేట, మా పేట. తమిళంలో పేట్టై, మరాఠీలో పేఠ్. ఈ పేటకు సంబంధం లేని ఇంకో పేట కంసాలి దగ్గరా తాడు పేనేవాడి దగ్గరా ఉంది. రెండుపేటల గొలుసు, మూడుపేటల చంద్రహారం. తాడులో ఒక్కొక్క పాయ ఒక పేట. మూడు కలిపి పేనితే ముప్పేట. పేనితే వచ్చేది పేట అని నా చెవికి వినపడుతుంది.

పగ్గం పేనడం దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఒక రహస్యం తెలుసు. ఒక్కొక్క పేటకూ ముందు ఒక వైపుకు పురి పెడతారు. మూడూ కలిపేటప్పుడు ఎదురు వైపుకు తిప్పుతారు. విడిపోదామని పేట తిరగబోతే ఆ తిరుగుడే తాడును ఇంకా బిగిస్తుంది. అందుకే ముడి వేయకపోయినా అది నిలుస్తుంది. మిల్లులోనూ అంతే. ఒంటి నూలుకు ఒక వైపు పురి, డబ్లింగులో ఎదురు పురి. పత్తి పింజ సైతం కాయ పగిలి ఎండేటప్పుడు తనంతట తాను చప్పిడి రిబ్బనులా ముడుచుకుని కాసేపు ఇటు, కాసేపు అటు మెలి తిరుగుతుంది. ఆ మెలికలు లేకపోతే పక్క పింజను పట్టుకోలేదు, నూలు కాలేదు.

మద్రాసు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరుడు గోపీనాథ్ కర్తా 1954లో కొల్లాజెన్ అణువు కట్టడం ఇదీ అని 'నేచర్' పత్రికలో ప్రకటించారు. మూడు మెలి గొలుసులు పక్కపక్కన చేరిన ముప్పేట. మరుసటి ఏడు దాన్నే సవరించి, మెలి మీద మెలి అని తేల్చారు. ఒక్కొక్క గొలుసు ఎడమకు మెలి తిరిగి ఉంటుంది. మూడూ కలిసి కుడికి చుట్టుకుంటాయి. పగ్గం పేనేవాడి లెక్క అక్షరాలా అదే. గొలుసులో ప్రతి మూడో గింజా గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం. అన్నిటికంటే చిన్నది కాబట్టి మెలిక లోపలి ఇరుకులో అదొక్కటే పడుతుంది. అణువు పొడవు సుమారు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర.

ఎక్స్-రే చిత్రాలకు కావలసిన శుద్ధమైన కొల్లాజెన్, కంగారూ తోకలోని స్నాయువుది, వాళ్లకు పక్కనే ఉన్న కేంద్ర చర్మ పరిశోధన సంస్థలో దొరికింది. 1948లో మొదలైన ఆ సంస్థకు తర్వాత 1958 నుంచి డైరెక్టరుగా ఉన్న యలవర్తి నాయుడమ్మ మా గుంటూరు సీమవాడే, తెనాలి దగ్గర యలవర్రు ఊరు. ఆయన బతుకంతా తోళ్లతోనే గడిచింది. తోలంటే కొల్లాజెన్ పోగుల చాప. దాన్ని కుళ్లకుండా చేసే పనిని మనవాళ్లు పదును చేయడం అన్నారు. కత్తికీ పదునే, విత్తడానికి సిద్ధంగా ఉన్న నేలకూ పదునే, తోలుకూ పదునే. మన ఊళ్లలో తంగేడు చెక్క నానబెట్టి తోళ్లు అందులో ఊరేసేవారు. చెక్కలోని వగరు పోగుకూ పోగుకూ మధ్య చేరి వాటిని కట్టిపడేస్తుంది.

ఈ ముప్పేటలు ఒకదాని పక్కన ఒకటి చేరేటప్పుడు కొసలు సమంగా పెట్టుకోవు. 67 నానోమీటర్ల చొప్పున వెనకా ముందూ జరిగి పడుకుంటాయి. రింగ్ ఫ్రేము నుంచి దిగే నూలులో కూడా ఏ పింజా ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉండదు. మన వైపు పొడుగు పింజ పత్తి అంటే 30 మిల్లీమీటర్ల చిల్లర. నలభయ్యో నంబరు నూలు ఒక పౌనుకు 33,600 గజాలు. మూరెడైనా లేని పింజలు కొసలు కలుపుకుంటూ అంత దూరం నడిపిస్తాయి. మాట అర్థాలూ ఇట్లాగే అల్లుకుంటాయని తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ అన్నాడు. అన్ని వాడుకల్లోనూ ఆసాంతం నడిచే ఒకే పోగు కోసం వెతకొద్దన్నాడు. దారం, కుప్ప, చెవికమ్మ ఒకే మాటలో ఎలా ఇమిడాయన్న నా పాత బాధ ఆయన మాట చదివాక కొంత తగ్గింది.

జాలక తంతువుల్ని రెండు మాటల్లో తేల్చేస్తాను. అవీ కొల్లాజెన్ రకమే, మరీ సన్నవి, కొమ్మలు కొమ్మలుగా చీలేవి. మామూలు రంగులకు కనపడవు, వెండి లవణాలు పట్టిస్తే నల్లగా తేలతాయి. ప్లీహంలో, లింఫు గ్రంథుల్లో, ఎముక మూలుగలో మెత్తని కణాలు జారిపోకుండా పట్టి ఉంచుతాయి. వీటి ఇంగ్లిష్ పేరు రెటిక్యులర్. రెటిక్యులమ్ అంటే లాటిన్‌లో చిన్న వల, వలసంచి. పంట తొక్కే ఎద్దు గింజ తినకుండా మూతికి కట్టే చిక్కం చూసినవాడెవడూ దానికి జాలకం అని పేరు పెట్టడు.

ఆరు వారాలయ్యాయి. పట్టీ తీశారు. చిరిగిన చోట శరీరం ముందు హడావిడిగా ఆ సన్న రకం పోగులే అడ్డదిడ్డంగా పోసేస్తుందనీ, తర్వాత నెలల తరబడి వాటి చోట గట్టి పోగులు పరుస్తుందనీ, కాలు కదిలిస్తూ ఉంటే లాగుడు ఎటుంటే అవి అటు వరస తిరుగుతాయనీ డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రం పిన్ని వచ్చి, మంచం పట్టె మీద కూర్చుని, నా మోకాలి లోపలి పక్కన బొటనవేలూ చూపుడువేలూ పెట్టి పైకీ కిందికీ నెమ్మదిగా జరిపింది. ఒకచోట ఆగింది.

"అతుకు లావుగా పడిందిరా. మా మిల్లులో అయితే ఈ కోను వెనక్కొచ్చేది."